మిద్దె దిక్కు మొకమున్న స్పీకర్లు

సిద్దిపేటల హరికిషన్ సేటు పాతింటి ముందట నుంచి రాత్రి పూట పోవాల్నంటె చెప్పులిడిసి చేతవట్టుకొని పోవాలె. గిది ఎవరు పెట్టిన రూలో నన్నడుగకున్రి. ఎనభై ఏడు, ఎనభై ఎనిమిదిల ఆ గల్లీల అందరు గట్లనే పోతుండిరి. ముసలోళ్లు, పడుసోళ్లు, సెకండ్ షో చూసి వచ్చెటోళ్లు... బూట్లేసుకునే బ్యాంకు సారు గూడ సైకిలు దిగి, లేసులిప్పి, బూట్లు హ్యాండిలుకు తగిలిచ్చుకొని, ఇల్లు దాటినంక మల్ల తొడుక్కుంటుండె.

ఎందుకంటె ఆ ఇంట్ల మనిషి లేడు. కిటికీలల్ల దీపం లేదు. కరెంటు మీటరు గూడ పీకేసిన్రు. గాని రాత్రి ఎనిమిది దాటిందంటె లోపటికెళ్లి ఒక ఆడమనిషి గొంతు వస్తుండె –

"చెప్పులు బయట ఇడువు... ఎన్నిసార్లు చెప్పాలె?"

గంతే. అరుపు గాదు, ఏడుపు గాదు. కోపం. ఇల్లు తుడిసి తుడిసి యాష్టకొచ్చిన మనిషి కోపం.

చేనేత సంఘంల పనిచేసే దేవదాసు ఓ రాత్రి నవ్వుకుంట చెప్పులతోనే పోయిండు. ఇంటి ముందటికి రాంగనే గొంతు లేసింది. తలుపు దిక్కు చూస్తె తలుపుకెళ్లి వచ్చిందట, గోడ దిక్కు చూస్తె గోడకెళ్లి వచ్చిందట, ఎటు తిరిగితె అటుకెళ్లే వచ్చిందట. ఒక్క చెప్పు అక్కడ్నే ఇడిసి ఉరికిండు. ఆ చెప్పును ఎవ్వరు ముట్టలే. వానకాలం దాక గక్కడ్నే ఉండి మోరిల కొట్టుకపోయింది.

గొంతు కౌసల్యమ్మదని ఊరంత అనుకున్నరు. హరికిషన్ సేటు భార్య. సచ్చిపోయి తొమ్మిదేండ్లయింది. బతికినన్ని రోజులు ఆ ఇంట్లకు చెప్పులతోని ఎవ్వర్ని అడుగు పెట్టనియ్యలే. తాసీల్దారును గూడ అరుగు మీదనే నిలవెట్టింది. గసొంటి మనిషి సచ్చినంక ఊకుంటదా అని జనం మాట.

జనం మాటకేముంది. నాకైతె ఇప్పటికి గూడ మండుతది. రోజు రాత్రి చెప్పులు చేతవట్టుకొని నడుస్తరు గాని, లోపటికి పోయి చూద్దామని ఒక్కనికన్న పుట్టలే. పోయినోడు ఒక్కడే, రాజనర్సు. నేను చెప్పేది ఆయన నాకు చెప్పిందే. ఆయన అబద్ధమాడెటోడు గాదు. కోపమెక్కువ, గంతే.

రాజనర్సుకు పాత బస్టాండు తాన రేడియోలు బాగుచేసే దుకాణముండె. ఊరంత రాజన్న అంటుండె. రేడియో పట్టుకపోతె ఏమైందని అడుగకపోతుండె. ఎన్కకు తిప్పి స్క్రూ మరలు చూసి, "ఎవడిప్పిండు దీన్ని?" అంటుండె. ఇంట్ల ఎవడన్న కత్తితోని మర తిప్పిండని తెలిసెనా, ఇగ ఆ రేడియో ముట్టుకోడు. తెలివి లేని చెయ్యి ఒక్కపారి పెట్టిన సామాను పది దినాలు తిప్పలు పెడ్తదని ఆయన మాట. దయ్యాలను అసలే నమ్మడు. సప్పుడు వచ్చిందంటె అది వచ్చే జాగ ఒకటి ఉంటది, ఆ జాగ దొరుకక దయ్యమంటున్రు అని తిడుతుండె.

ఆ రాజనర్సుకు గురువంటె హరికిషన్ సేటు. సేటుకు బట్టల దుకాణముండె గాని పానమంత పాటల మీదనే. పట్నంల ఎవరో ఆఫీసరు దేశమిడిసి పోతుంటె ఆయన తాన రెండు స్పీకర్లు తెచ్చుకున్నడు. అప్పటికే పాతయి. ఏ దేశంయో పేరు చెరిగిపోయింది.

అవి మన స్పీకర్ల లెక్క ఉండయి. నడుమెత్తు టేకు పీపలు, గుండ్రంగ. మామూలు స్పీకరు మొకం మన దిక్కుంటది గదా, వీటి మొకం పైకి, మిద్దె దిక్కు. ఆ మొకం మీద జానెడెత్తున బొంగరమసొంటి చెక్క, ములికి కిందికి. మాట పైకి లేస్తది, బొంగరానికి తాకుతది, నాలుగు దిక్కులకు పోతది. ఇంట్ల ఏ మూల కుసున్నా ఒక్క తీరుగ ఇనవడ్తది. ఏ పీపకెళ్లి వస్తుందో తెల్వది.

రాజనర్సు మొదటిసారి ఆ ఇంట్లకు పోయింది ఎనభై ఒకటిల. అప్పటికి కౌసల్యమ్మ పోయి రెండేండ్లయింది. ఆయన ఆమెను కండ్లతోని చూడనే లేదు. గోడ మీద దండేసిన ఫొటో చూసిండు, గంతే. గిది యాది పెట్టుకోన్రి.

సేటు ఆయనను "నర్సూ" అని పిలుస్తుండె, సివర్న జర గుంజి. గట్ల పిలిచెటోడు ఊరందర్ల సేటు ఒక్కడే. పెద్దర్రల షాబాద్ బండల మీద జాజుమన్నుతోని రెండు ఎర్ర సున్నాలు గీసి ఉండె. గోడకు మూరెడు దూరం, నడుమ ఆరడుగుల జాగ. పీపలు ఆ సున్నాలల్లనే ఉండాలె, వేలెడు జరిగినా సేటు ఊకోకపోతుండె. ఒక్కటే పెడితె మాట ఇల్లంత తిరుగుతది గాని మనిషి దొరుకడు అంటుండె. రెండు పెట్టి, రెండిటికి రెండు తీగలిచ్చి, వాటి జాగల ఉంచితె మాత్రం... మాట్లాడే మనిషి వచ్చి ఎదురుంగ నిలవడ్తడు. కండ్లు మూసుకుంటె చెయ్యి చాపి ముట్టుకోవచ్చు.

అయిదారేండ్లు రాజనర్సు ప్రతి ఐతారం పోయి కుసున్నడు. పాటలినేది, మరలు చూసేది. తొమ్మిదైతె సేటు ఇగ నువ్వు పో నర్సూ అంటుండె. తలుపేసుకుంటుండె. అల్మారల ఎర్ర డబ్బల ఒక టేపు చుట్ట ఉండె... అది రాజనర్సు ముందట ఒక్కనాడు గూడ పెట్టలే. రాజనర్సు అడుగలే.

ఎనభై ఆరుల ఎలుకలు ఒక స్పీకరు ఖరాబు చేసినయి. కాయిదం కొరికినయి, లోపటి తీగచుట్ట కాలిపోయింది. సేటు అప్పటికి మంచంల పడ్డడు. దాన్ని రాజనర్సుకు అప్పజెప్పి, ఇంటి తాళంచెవి గూడ చేతుల పెట్టి అన్నడు –

"రెండు కలిసి పలుకాలె నర్సూ. ఒక్కదాన్ని ఒంటరిగ ఉంచకు."

రాజనర్సు చేతుల చెయ్యేసి మాటిచ్చిండు. వారం దినాలకు సేటు పోయిండు.

పదకొండు నెలలు పట్టింది. గసొంటి స్పీకరు మొకం కాయిదం పట్నంల గూడ దొరుకలే. అంచుకు నేతగాళ్ల వాడల సన్న నూలు బట్ట అడుక్కొచ్చి, పడుగుకు పెట్టే గంజిల నానవెట్టి, ఆరవెట్టి, మల్ల నానవెట్టి చూసిండు. మొదటిది గట్టిగయింది, రెండోది సాగింది, ఏడోది కుదిరింది. తీగచుట్టకు ఎంటికంత రాగితీగ... ఊపిరి బిగవట్టి ఒక్కొక్క చుట్టు చుట్టాలె. ఓ నాడు భార్య బాలలక్ష్మి అన్నానికి పిలిస్తె ఉలిక్కిపడి తీగ తెంపిండు. రెండు దినాలు ఆమెతోని మాట్లాడలే. గా డబ్బతోనే కాపురం చెయ్యి అని ఆమె గూడ ఊకుంది.

అయినంక దాన్ని సైకిలు క్యారేజికి కట్టుకొని సేటింటికి తీసుకపోయిండు. అక్కడున్నది సేటు కొడుకు జగదీశ్వర్.

జగదీశ్వరంటె రాజనర్సుకు ఒళ్లు మంట. ఇరవై ఏండ్లప్పుడు తల్లితోని లొల్లి పెట్టుకొని బివండి పోయిండు. తల్లి సావుకు రాలే. తండ్రి సావుకు మూడో దినం వచ్చిండు. వచ్చి, ఇల్లు పాడువెట్టి, ఎన్క రేకుల షెడ్డుల టెంటు హౌజు పెట్టిండు. పెళ్లిళ్లకు మైకులు, కుర్చీలు, సమియానలు. గసొంటోనితోని ఏం మాట అని, రాజనర్సు పీపను గడప తాన దించి, తాడు చుట్టుకొని, మొకం తిప్పుకొని వచ్చిండు.

రెండు ఎర్ర సున్నాలల్ల పెట్టు, రెండిటికి రెండు తీగలియ్యి – గీ రెండు ముక్కలు చెప్తె అయిపోవు. చెప్పలే. గానికేం చెప్పాలె అనుకున్నడు. ఇంటి తాళంచెవి గూడ తిరిగియ్యలే.

నాలుగు దినాలకు ఓ పొద్దుమీకి టెంటు హౌజోళ్ల ఆంప్లిఫైరు బాగుచేసి ఇయ్యవోయిండు. షెడ్డుల కాలు పెట్టంగనే కిందికి చూసిండు. రంపపు పొట్టు. ఆ పొట్టుల... బొంగరం.

తలెత్తిండు. ఆయన పదకొండు నెలల పీప మూలకుంది. పైన మెడ కోసేసి ఉంది. స్పీకరు పీకి, పీపకు ముందట దిక్కు బొక్క కొట్టి, అక్కడ బిగిచ్చి ఉంది. మిద్దె దిక్కుండే మొకం ఇటు తిరిగింది. సన్న నూలు అంచు మీద పొట్టు పడి ఉంది.

రాజనర్సు ఒక్కడుగు ముందటికేసిండు. ఎవడు కోసిండని అడిగిండు. జగదీశ్వర్ కుర్చీలు లెక్కవెట్టుకుంటనే, నేనే కోసిన రాజన్నా అన్నడు. మిద్దెకు చెప్పెడిదేముంది, మొకం మన దిక్కుండాలె గదా అన్నడు. వడ్లాయన రంపం పట్టుకొని రేపు పొద్దుగాల వస్తడు, రెండోదాన్ని గూడ తిప్పిస్త అన్నడు.

కొట్టాలె. చెయ్యి లేసింది గూడ. గాని మనిషి కోపం హద్దు దాటితె నోరు రాదు, చెయ్యి ఆడదు. రాజనర్సు ఆంప్లిఫైరు అక్కడ పెట్టిండు, ఒంగి పొట్టులకెళ్లి బొంగరం తీసుకున్నడు, అంగీతోని తుడుసుకుంట బయటికి వచ్చిండు.

ఆ రాత్రి అన్నం ముంగట కుసున్నడు. తిట్టిండు. జగదీశ్వర్‌ను తిట్టిండు, రంపాన్ని తిట్టిండు, గసొంటి కొడుకును కన్నందుకు సచ్చిన సేటును గూడ తిట్టిండు. బాలలక్ష్మి ఊకో అన్నది. పోయింది పోయింది, ఇంకోటి ఉంది గదా అన్నది.

ఆ మాటకు లేసి నిలవడ్డడు. అవును, ఇంకోటి ఉంది. రేపు పొద్దుగాల దాని మీద గూడ రంపం పడ్తది.

గోనెసంచి, తాడు, టార్చిలైటు, మరలు తిప్పే కట్టె... ఎందుకో ఆ బొంగరం గూడ సంచిల ఏసుకున్నడు. సైకిలు తీసిండు. ఏడికని భార్య అడిగితె, దొంగతనానికి అన్నడు.

అప్పుడు తొమ్మిది కాలే. గల్లీల ఇద్దరు మనుషులు చెప్పులు చేతవట్టుకొని ఎదురొచ్చిన్రు. రాజన్నా, చెప్పులిడువు అని గుసగుసగ అన్నరు. నోర్మూసుకొని పోన్రి అన్నడు. సైకిలు గోడకానిచ్చి, చెప్పులతోనే అరుగెక్కిండు. ఉరుకవలసి వస్తె చెప్పులుండాలె గదా.

తాళం తిరిగింది. తలుపు లోపటికి పోయింది... సప్పుడు లేదు.

చీకటి. బండల సల్లదనం చెప్పులల్లకెళ్లి తెలుస్తుంది. రాజనర్సు టార్చి వెయ్యలే. వెలుగు ఎన్క షెడ్డు దిక్కు పోతదని భయం. ఆ ఇల్లు ఆయనకు చూడకున్నా ఎర్క. ఇటు అల్మార. ఎదురుంగ వంటింటి దర్వాజ. ఎడమకు పీప...

రెండడుగులేసిండు.

"చెప్పులు బయట ఇడువు."

ఆగిపోయిండు.

గొంతు ఎదురుంగ లేదు. ఎన్క లేదు. మిద్దెల ఉంది, గోడలల్ల ఉంది, కాళ్ల కింది బండలల్ల ఉంది. తల ఇటు తిప్పిండు, ఇటుకెళ్లి వచ్చింది. అటు తిప్పిండు...

"ఎన్నిసార్లు చెప్పాలె?"

భయపడ్డడట. ఆయనే చెప్పిండు, సిగ్గువడకుంట. చెప్పులిడుద్దామని వంగిండు గూడ...

వంగినోడు అట్లనే ఆగిండు. ఏదో ఇనవడ్తుంది. గొంతు ఆగినంక, దాని కింద, సన్నగ... గుంయ్ మని.

ఆ గుంయ్ ఆయనకు ఎర్క. ముప్పై ఏండ్లు దానితోనే బతికిండు. ఆంప్లిఫైరుల కరెంటు తిరిగే సప్పుడు. దయ్యం గుంయ్ మనదు.

అంతే. భయం పోయి ఎక్కడ లేని కోపం నెత్తికెక్కింది. ఎవడో టేపు పెట్టి ఊరందర్ని చెప్పులిడిపిస్తుండు. టార్చేసిండు.

వెలుతురుల జగదీశ్వర్ కుసోని ఉన్నడు.

బండల మీద, కాళ్లు ముడుసుకొని, ఒట్టి కాళ్లతోని. పక్కపొంటి పాత టేపు మిషిను, ఎర్ర డబ్బ. ఎన్క కిటికీలకెళ్లి షెడ్డు తాన నుంచి గుంజిన కరెంటు తీగ. మంచిగున్న పీపను మూలకు తోసి, గోడకు ఆనిచ్చి పెట్టిండు. కోసిన పీప తన మొకం ముందట. తీగ మాత్రం ఒక్కటే, మంచిదానికి తగిలిచ్చి ఉంది.

మొకమంత తడి.

రాజనర్సు ఏం తిట్టాల్నో ఎతుక్కుంటుండు. జగదీశ్వర్ టార్చి దిక్కు చూడకుంటనే మెల్లగ అన్నడు –

"బాపు కొత్త మైకులు రెండు తెచ్చి పెట్టి చూస్తుండె, ఆ దినం. నేను చెప్పులతోని లోపటికొచ్చిన. అమ్మ తిట్టింది. గింత దానికి... గట్లనే ఎన్కకు తిరిగి బస్సెక్కిన రాజన్నా. ఇగ అమ్మను చూడలే."

తండ్రి పోయినంక అల్మారల ఈ చుట్ట దొరికిందట. అప్పటికెళ్లి ప్రతి రాత్రి షెడ్డు మూసినంక ఎన్క తలుపుకెళ్లి వచ్చి పెట్టుకుంటుండు. ఊరంత చెప్పులిడుస్తున్న సంగతి వానికి తెల్వనే తెల్వదు. వానితోని మాట్లాడెటోడు ఎవడున్నడు చెప్పనీకె.

మల్ల పీప ఎందుకు కోసినవురా అని రాజనర్సు చెయ్యెత్తి పండ్లు కొరికిండు.

"పెట్టినప్పుడల్ల గోడలు తిడుతున్నయి, మిద్దె తిడుతుంది. అమ్మ మాత్రం ఏడ లేదు. ఒక్కపారి నా దిక్కు తిరిగి తిట్టాలె అనుకున్న. గందుకే దాని మొకం ఇటు తిప్పిన."

"తిట్టిందా?"

"లేదు. డబ్బల పెట్టి మూతేసినట్టు అయింది."

రాజనర్సు అక్కడ్నే నిలవడ్డడు. లేసిన చెయ్యి లేసినట్టే ఉంది. ఎవన్ని కొట్టాలె ఇప్పుడు? రంపం పట్టిందైతె జగదీశ్వరే. గాని గడప తాన పీప దించి, రెండు ముక్కలు చెప్పకుంట మొకం తిప్పుకొని పోయిందెవరు? పదకొండు నెలలు స్పీకరు మీద ఊపిరి బిగవట్టినోనికి, ఒక మనిషికి ఒక మాట చెప్పనీకె ఓపిక లేకపాయె. నన్ను నేను కొట్టుకోవాల్నని ఉండె అన్నడు నాతోని. అది చెప్పేటప్పుడు గూడ ఆయన గొంతుల కోపమే ఉండె, మెత్తదనం లేదు.

"లే," అన్నడు. "పట్టు అటు."

ఇద్దరు కలిసి మంచి పీపను మూలకెళ్లి లాగిన్రు. టార్చి బండల మీద కొడితె దుమ్ము కింద జాజు సున్నా కనవడ్డది. దాని మీద పెట్టిన్రు. కోసిన పీపను రెండో సున్నా మీదికి జరిపిన్రు. రాజనర్సు మోకాళ్ల మీద కుసోని ముందటి బొక్కకెళ్లి నాలుగు మరలిప్పి, స్పీకరు తీసి, మల్ల పైన దాని జాగల మొకం మీదికి కుసుండవెట్టిండు. నూలు అంచు మీది పొట్టును నోటితోని ఊదిండు. చిరగలే. ముందటి బొక్కల గోనెసంచి కుక్కిండు. రెండో తీగ తగిలిచ్చిండు. సంచిల తెచ్చిన బొంగరాన్ని రెండు చేతులతోని పట్టుకొని, జానెడెత్తున, ములికి కిందికి, కదలకుంట నిలవడ్డడు. ఇగ పెట్టుమన్నడు. టార్చి ఆర్పమన్నడు.

చీకట్ల చుట్ట తిరిగింది.

ముందుగాల సేటు గొంతు. ఒకటి, రెండు... ఒకటి, రెండు... మైకు చూసుకుంటున్నట్టు. సేటు అల్మార తాన నిలవడ్డట్టే ఉంది.

ఎనక గేటు కిర్రుమన్నది. చెప్పుల సప్పుడు. టక్... టక్... ఎడమకెళ్లి వచ్చింది, ఇద్దరి నడుమకెళ్లి పోయింది. పోతున్న జాగ తెలుస్తుంది. జగదీశ్వర్ ఊపిరి పీల్చిన సప్పుడు గూడ ఇనవడ్డది. తన చెప్పులు తన ముంగట్నే నడుస్తున్నయి.

వంటింటిల గిన్నె దించిన సప్పుడు. గాజులు.

"జగ్గూ... చెప్పులు బయట ఇడువు. ఎన్నిసార్లు చెప్పాలె?"

ఇగ గోడలల్ల లేదు. మిద్దెల లేదు. వంటింటి దర్వాజల ఉంది. ఆరడుగుల దూరంల, మనిషెత్తున, ఇటు తిరిగి. రాజనర్సు చేతులల్ల బొంగరం పక్కకు ఒరిగితె ఆ మనిషి గూడ జర కదిలినట్టయింది. బిగవట్టి నిలవడ్డడు.

టేపుల చెప్పులు ఎన్కకు తిరిగినయి. టక్ టక్ టక్, జోరుగ. గేటు దిక్కు.

దాని మీద, రెండో పీపకెళ్లి... జగ్గూ అన్న పిలుపు లెక్కనే, ఆ తీగ తగిలియ్యక ఇన్ని దినాలు ఎవ్వరికి ఇనవడని మాట. తిట్టిన గొంతే, గాని కోపం దిగిన గొంతు –

"అన్నం పెట్టిన. తిని పో బిడ్డా."

గేటు పడ్డ సప్పుడు.

జగదీశ్వర్ తల కిందికేసిండు. నా చెప్పుల సప్పుడుల ఇనవడలే, నాకు ఇనవడలే రాజన్నా అని నేలకు చెప్తున్నట్టు చెప్పిండు. ఎదుటోడు ఏడుస్తుంటె ఏమనాల్నో రాజనర్సుకు ఎన్నడు తెల్వది. ఇంకోసారి పెట్టు అన్నడు, గంతే.

జగదీశ్వర్ చుట్టను ఎన్కకు తిప్పిండు. మల్ల సేటు గొంతు... ఒకటి, రెండు... మల్ల గేటు. మల్ల చెప్పులు నడిమిట్లకు వచ్చినయి. గిన్నె దిగింది...

కరెంటు పోయింది.

మిషినుల చిన్న ఎర్ర దీపం ఆరింది. కిటికీల కనవడే వీధి దీపం ఆరింది. గల్లీ గల్లీ అంత ఆరింది. ఆ రోజులల్ల రోజు పోయేదే, కొత్త గాదు. చుట్ట ఆగింది. గుంయ్ ఆగింది. రాజనర్సు చెవి పెట్టి ఇన్నడు. ఏం లేదు. ఇద్దరి ఊపిరి తప్ప.

అప్పుడు.

వంటింటి దర్వాజలకెళ్లి. మనిషెత్తున. ఇటు తిరిగి –

"నర్సూ... నీయి గూడ."

కరెంటు పోయినంక ఆంప్లిఫైరుల ఒక్క గడియ దమ్ముంటదని ఆయనకు ఎర్క. గాని చుట్ట ఆగిపోతుంటె గొంతు సాగుతది, బొంగురుపోతది, మొగోని గొంతయితది. ఇది సాగలే. బొంగురుపోలే. సివర్న జర గుంజి, సేటు పిలిచినట్టే పిలిచింది.

చీకట్ల జగదీశ్వర్ అన్నడు, ఊపిరి మీద –

"అది టేపుల లేదు రాజన్నా. మా అమ్మకు నువ్వెట్ల ఎర్క?"

రాజనర్సు చేతులల్ల బొంగరం ఇడువకుంట, దాన్ని జానెడెత్తున అట్లనే పట్టుకొని, కాలితోని కాలు రాసి చెప్పులిడిసిండు.